మెడ దగ్గర టేపు ముక్క

ఆసుపత్రి ఎదుటి లాడ్జి,
మెట్ల పక్క గది

సూదమ్మకు,

నువ్వు నర్సు ఉద్యోగంలో చేరినరోజు మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఆ పేరు పెట్టిన మనిషి ఇప్పుడు నోరు విప్పి నన్నైనా పిలవలేని స్థితిలో ఉన్నాడు. కనీసం ఆయన పెట్టిన పేరు ఇంట్లో వినపడుతూ ఉండనీ.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఇక్కడ మా ఇద్దరికీ కలిపి ఉన్నది నా ఫోన్ ఒక్కటే, అది ఎప్పుడూ అత్తయ్యగారి ఒడిలో ఉంటుంది. ఆవిడకు చెవి మందం కదా, ఎవరు మాట్లాడినా స్పీకర్ పెట్టాల్సిందే. వచ్చిన మెసేజ్ పక్క కుర్చీలవాళ్ళకు కూడా చదివి వినిపించాల్సిందే. నేను చెప్పబోయేవి వరండా అంతా వినాల్సిన మాటలు కావు. అందుకే కింద కొరియర్ షాపులో పెన్ను అడిగి తీసుకుని రాస్తున్నాను. నువ్వూ ఈ గది అడ్రసుకే రాయి.

మీ అన్నయ్యకు క్లోమం బాగా వాచిందని, ఐసీయూలో పెట్టారని నీకు తెలుసు. ఆ తర్వాత మెడకు కుడివైపున ఒక గొట్టం పెట్టారు. చేతికి గుచ్చే సూదిలాంటిది కాదట. పెద్ద నరంలోంచి గుండె దగ్గరిదాకా వెళ్తుందట. బయటికి మూడు మూతులు కనపడతాయి. మందులు, పాలలాగా తెల్లగా ఉండే ఆ ఆహారం, అన్నీ వాటిలోంచే పోతున్నాయి. గొట్టం లోపలికి దిగినచోట పల్చటి ప్లాస్టిక్ అతికించారు, కింద చర్మం కనపడేలాగా. దీనికోసం నాచేత సంతకం పెట్టించుకునేటప్పుడు, రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది అన్నారు. అదేమిటని అడిగితే, "అందరికీ చెప్పేదేనమ్మా" అన్నాడు డాక్టరు. అందరికీ చెప్పేదే అయితే గొంతు తగ్గించడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. బట్టల కంపెనీలో చొక్కాను తిరగేసి లోపలి కుట్టు చూడటమే పని. పైకి బాగున్న చొక్కాయే నాకు ఎక్కువ అనుమానం. ఇక్కడ నాకు ఎవరూ లోపలివైపు చూపించడం లేదు. ఏదైనా చేయాలంటే సర్రున తెర లాగేస్తారు. మంచం దగ్గరికి ఒక్క మనిషినే పంపుతారు. నువ్వు ఫోన్ చేసి మాట్లాడిన దగ్గర్నుంచి అత్తయ్యగారిని "నర్సుగారి అమ్మ" అంటూ పొద్దున్నా సాయంత్రమూ కూర్చోనిస్తున్నారు. నాకు మధ్యాహ్నం కాసేపు దొరుకుతుంది.

నేను ఏం చూడాలో చెప్పు. ఎవరు ఏం చేస్తే తప్పో చెప్పు. చూడటం నాకు వచ్చు.

వదిన


మా ఇల్లు,
కిటికీ పక్క మంచం

వదినా,

పనిచేసే ఆసుపత్రిలోనే తడినేల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న నర్సు లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కాలికి సిమెంటు కట్టు, కట్టు కింద దిండు. బుర్ర మాత్రం మీ ఐసీయూలో తిరుగుతోంది. నేను వచ్చి నిలబడాల్సిన చోట నిన్ను నిలబెట్టానని రోజూ కుమిలిపోతున్నాను.

సరే, విను. ఆ గొట్టం జోలికి వచ్చే ప్రతి మనిషి చేతులూ చూడు. ముందు కడుక్కోవాలి, లేదా గోడకున్న సీసాలోది రాసుకుని ఆరేదాకా రుద్దుకోవాలి. "గ్లవుజులు వేసుకున్నాంగా" అనేవాళ్ళను అసలు నమ్మకు. గ్లవుజుతో తలుపు గడియ తీసి, ముక్కు గోక్కుని, అదే చేత్తో గొట్టం పట్టుకునే మహానుభావులు నాకు చాలామంది తెలుసు. మందు ఎక్కించే ముందు గొట్టం మూతిని స్పిరిట్ గుడ్డతో మెలిపెట్టి మరీ రుద్దాలి. పైపైన దులిపేస్తే లెక్కలోకి రాదు. రుద్దాక ఆరనివ్వాలి. ఆరే లోపు కబుర్లు చెప్పుకుంటూ గుచ్చేస్తే పట్టుకో.

ఆ ప్లాస్టిక్ ఉంది చూశావూ, దాని నాలుగు అంచులూ చర్మానికి అంటుకుని ఉండాలి. కింద పొడిగా ఉండాలి. ఒక అంచు లేచినా, లోపల చెమ్మ కనపడినా వెంటనే చెప్పు. వాళ్ళే పద్ధతి ప్రకారం తీసి, మందుతో శుభ్రం చేసి కొత్తది వేయాలి. ఇంకో సంగతి, రోజూ డాక్టరును ఒకటే అడుగు, ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా అని. విసుక్కున్నా అడుగు. అవసరం తీరిన గొట్టాన్ని బద్ధకంతో ఉంచేయడం వల్ల మనుషులు పోవడం నా కళ్ళతో చూశాను.

కొత్తగా చేరినవాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచు. మరీ చలాకీగా ఉండేవాళ్ళ మీద రెండు కళ్ళూ వెయ్యి. అన్నయ్య నన్ను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటాడు కదా. అననీ. ఈసారి నాతోపాటు నువ్వూ లెక్కపెట్టు.

అమ్మ లోపల కూర్చుంటోంది కాబట్టి నాకు సగం నిశ్చింత. నాన్న కాలి పుండుకు నేను నేర్పినట్టే రోజూ తుడిచి కట్టు కట్టింది, ఒక్కసారి కూడా చీము పట్టనివ్వలేదు. అమ్మ ముందు ఎవరి వెర్రివేషాలూ సాగవు.

నీ సూదమ్మ


లాడ్జి గది

సూదమ్మకు,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే సర్దుకో.

నువ్వు చెప్పినట్టే అందరి చేతులూ చూశాను. పెద్ద సిస్టర్ చేతులు కడుక్కోవడం చూస్తే మనకే చలేస్తుంది, మోచేతుల దాకా కడుగుతుంది. డాక్టర్లలో ఇద్దరు కడుగుతారు, ఒకాయన మాత్రం ఎవరైనా చూస్తే కడుగుతాడు. ఇక ఒక పిల్ల నర్సు ఉంది, నేను పరుగుల పిల్ల అని పేరు పెట్టుకున్నాను. నడవడం రాదు, అన్నిటికీ పరుగే. రుద్దుతుంది, కానీ ఎంత వేగంగా రుద్దుతుందంటే రుద్దిందో నిమిరిందో పోల్చుకోలేం. పక్క మంచం ఆవిడతో సినిమా సంగతులు చెబుతూనే మీ అన్నయ్య మందు మారుస్తుంది. "ఏమ్మా, ఆరిందా?" అని అడిగాను. "ఆరకుండా చేస్తానా అండీ?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నిన్న మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మంచం చప్పుడు చేస్తోంది. చూస్తే మీ అన్నయ్య చలితో ఎగిరెగిరి పడుతున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి, ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది. డాక్టర్లు మూగారు. చేతి నరంలోంచీ గొట్టంలోంచీ విడివిడిగా రక్తం తీసి సీసాల్లో పంపారు. గొట్టం మీదే మా అనుమానం అన్నారు. తీసేస్తామన్నారు.

తీసే ముందు నేను చూశాను. ఆ ప్లాస్టిక్ కింది అంచు మీద ఒక టేపు ముక్క వేసి ఉంది. వార్డులో వాడేది కాగితంలా పల్చగా ఉంటుంది, కత్తెరతో తిన్నగా కోస్తారు. ఇది గుడ్డ టేపు. చివర పీచులు పీచులుగా లేచి ఉంది. కుట్లు చూసే కన్ను కదా, వేరే దారం ఇట్టే తెలిసిపోతుంది. దాని కింద చర్మం నాని తెల్లబడింది.

"ఇదెవరు వేశారు?" అన్నాను. పరుగుల పిల్ల ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. "నేను కాదండీ" అంటూ రెండో నర్సు వైపు చూసింది. ఆవిడ "నువ్వు డ్యూటీ దిగిపోయేటప్పుడు ఇలాగే ఉంది. నేను నీ పనేననుకున్నా" అంది. మీ అన్నయ్య జ్వరంతో ఊగిపోతుంటే వాళ్ళిద్దరూ నువ్వంటే నువ్వని గుసగుసలు. పెద్ద సిస్టర్ వచ్చి ఇద్దరి నోళ్ళూ మూయించింది.

ఏం చేయమంటావో చెప్పు. నాకు భయంగా ఉంది.

వదిన


మా ఇల్లు

వదినా,

చెప్పడానికి ఏమీ మిగల్లేదు, చేసేశాను. నీ ఉత్తరం చదివిన వెంటనే ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరుకు ఫిర్యాదు రాసి మెయిల్ పంపాను. మామూలు మనుషులు రాస్తే ఓదార్చి పంపేస్తారు. నర్సు మీద నర్సు రాస్తే పక్కన పడేయలేరు. లేచిన అంచు మీద టేపు ముక్క అతికించి చేతులు దులుపుకోవడం మా వృత్తిలో క్షమించే తప్పు కాదు. కింద చెమ్మ చేరుతుంది, చెమ్మలో క్రిములు పెరుగుతాయి, గొట్టం వెంటే లోపలికి దిగుతాయి. కొత్త డ్రెస్సింగ్ వేయడానికి బద్ధకించి మా అన్నయ్య ప్రాణం మీదికి తెచ్చారు.

పరుగుల పిల్ల సంగతే రాశాను. పేరు తెలియదు కాబట్టి ఏ వేళ డ్యూటీయో, ఎలా ఉంటుందో రాశాను. చాలు, కనుక్కుంటారు. నవ్విందట, నవ్వు! ఆ ఉద్యోగం ఊడితేనే గాని నాకు నిద్రపట్టదు.

ఆ టేపు ముక్క దాచావా? రక్తం రిపోర్టు వచ్చిందా? అమ్మను అడుగు, పొద్దున్నా సాయంత్రమూ అక్కడే ఉంటుంది కదా, ఎవరు వేశారో చూసే ఉంటుంది. అమ్మ సాక్ష్యం చెబితే ఇక తిరుగుండదు.

సూదమ్మ


లాడ్జి గది

సూదమ్మకు,

రక్తంలో క్రిమి పెరిగిందని రిపోర్టు వచ్చింది. మందు మార్చారు. జ్వరం తగ్గుతోంది కానీ పూర్తిగా విడవలేదు. ఆహారం ఇంకా నోటితో ఇవ్వలేమని, చేతి నరాలు ఆగడం లేదని, మెడకు ఎడమవైపు మళ్ళీ కొత్త గొట్టం పెట్టారు. పెట్టేటప్పుడు అందరూ తలలకు టోపీలు, మూతులకు గుడ్డలు, మీ అన్నయ్య మీద నిలువునా పెద్ద దుప్పటి. అంతా పద్ధతిగానే జరిగింది.

పరుగుల పిల్లను ఐసీయూలోంచి తీసేశారు. దుప్పట్లు లెక్కపెట్టే గదిలో కూర్చోబెట్టారు. శుక్రవారం విచారణట. తప్పని తేలితే పంపించేస్తారట.

ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. కారణం అడగకు. నా మీద ఏ కాస్త గౌరవం ఉన్నా వెనక్కి తీసుకో.

వదిన


మా ఇల్లు

వదినా,

నీ ఉత్తరంలో పదిహేను వాక్యాలు కూడా లేవు. అందులో కారణం అడగకు అని ఒక వాక్యం. అడుగుతాను. అడక్కుండా ఉండటానికి అన్నయ్య నాకు పక్కింటి మనిషి కాదు.

ఎవరు కలిశారు నిన్ను? పెద్ద సిస్టర్ పిలిపించి తియ్యగా మాట్లాడిందా? రోగి ఇంకా మా చేతుల్లోనే ఉన్నాడు సుమా అని ఎవరైనా నవ్వుతూ బెదిరించారా? అలాంటివి జరుగుతాయి, నాకు తెలుసు. లేకపోతే ఆ పిల్ల నీ దగ్గర కూర్చుని ఏడ్చిందా? ఏడిస్తే కరిగిపోయావా? మొన్న వేరే దారం కనిపెట్టిన కన్ను ఇవాళ ఎందుకు మూసుకుంది?

నిన్న అమ్మకు ఫోన్ చేశాను. నువ్వు గదిలో లేవట. అమ్మ ఏం చెప్పిందో విను. "మీ వదిన నన్ను వాడి దగ్గరికి పోనివ్వడం లేదే. నేను లేచేసరికల్లా తనే వెళ్ళి కూర్చుంటోంది. వెళ్తే వెనకే వచ్చి కాపలా కాస్తోంది. కన్నతల్లిని దొంగను చూసినట్టు చూస్తోంది" అని ఏడ్చింది. ఏమిటిదంతా? ఇంత కష్టంలో కూడా అత్తాకోడళ్ళ పంతాలేనా? వాడికి నువ్వు ఎంతో, అమ్మా అంతే. కాదు, అమ్మ నీకంటే ముందు.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. నేను ఇంత దూరంలో మంచం మీద పడి ఉన్నాను కాబట్టి దాచగలననుకుంటున్నావు. ఏం దాస్తున్నావో రాయి. రాయకపోతే ఈ కట్టుతోనే కుంటుకుంటూ వచ్చేస్తాను.

సూదమ్మ


లాడ్జి గది

సూదమ్మకు,

అడగకు అన్నాను. అడిగావు. ఇక విను.

నువ్వు చెప్పావని, టేపు ఎవరు వేశారో అత్తయ్యగారిని అడుగుదామనే, నీ ఉత్తరం అందిన సాయంత్రం ఆవిడ వెనకాల వెళ్ళాను. లోపలికి ఇద్దరిని పంపరు కాబట్టి తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అప్పటికే ఎడమవైపు కొత్త గొట్టం పెట్టేశారు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అటూ ఇటూ చూశారు. చేతిసంచిలోంచి రుమాలు తీశారు. తాగే నీళ్ళ సీసాలో నీళ్ళు కాసిని దాని మీద పోశారు. మీ అన్నయ్య గడ్డం మెల్లగా అటు తిప్పి, ఆ ప్లాస్టిక్ అంచును గోటితో లేపి, కింద చెమటంతా తుడిచారు. ఎంత జాగ్రత్తగా తుడిచారో, పసిబిడ్డకు కూడా అలా తుడవరు. ఆరడానికి ఉఫ్ ఉఫ్ అని ఊదారు. తర్వాత సంచిలోంచి గుడ్డ టేపు చుట్ట తీసి, పళ్ళతో తెంచి, అంచు మీద అతికించారు. దుప్పటి గడ్డం దాకా లాగి కప్పారు. అంతా అయ్యాక కొడుకు నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు.

మామయ్యగారి కాలికి వాడిన టేపు అది. ఇంట్లో నేను ఎన్నిసార్లు చూశానో. అయినా మొదట గుర్తుపట్టలేకపోయాను, ఎందుకంటే అప్పుడు నా చూపంతా పరుగుల పిల్ల మీదే ఉంది.

తలుపు తోసుకుని వెళ్ళి, "అత్తయ్యా, వద్దు, అలా తీయకూడదు" అన్నాను. "చిన్నప్పటి నుంచీ వాడికి మెడ మీద చెమట పడితే పొక్కులొస్తాయి. గోక్కోలేకపోతున్నాడు బిడ్డ. ఈ పిల్లకాయలకు ఏం తెలుసు? నేను నర్సు తల్లిని. నువ్వు నాకు చెప్పొచ్చావా?" అన్నారు. నేను నర్సును పిలిచి అంచు లేచిందని మాత్రం చెప్పి కొత్తది వేయించాను. ఎలా లేచిందో చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడను ఒంటరిగా వదలకుండా కాపలా కాశాను. ఆవిడ నీకు చెప్పింది నిజమే. దొంగను చూసినట్టే చూశాను.

నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నేను చెబితే ఏమవుతుంది? కొడుకు చావుబతుకుల్లో ఉంటే కోడలు అత్త మీద నింద వేసింది అంటారు. ముందు నువ్వే అంటావు. మొన్నటి ఉత్తరంలో సగం అనేశావు కూడా. మీ అన్నయ్య లేచాక ఆయన ముఖం చూసి, నీకు ఇలా చేసింది మీ అమ్మే అని ఎలా చెప్పను?

విచారణ రేపు. ఆ పిల్లను దుప్పట్ల గదిలో చూశాను. మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నావైపు చూసి, "నేను వేయలేదండీ. మీరైనా నమ్మండి" అంది. ఇక తట్టుకోలేక ఇవాళ పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, ఆ టేపు వేసింది నేనే అని చెప్పాను. మరి ఆ రోజు ఇదెవరు వేశారని మీరే అడిగారుగా అంటే, భయపడి అలా అన్నానన్నాను. కోడలు అనగానే ఎవరూ ఆశ్చర్యపోలేదు. తిట్టారు. ఇకమీదట లోపలికి రావద్దన్నారు. అత్తయ్యగారికి టేపు మాట ఎత్తకుండా, మీ కోడలు గొట్టం ముట్టుకోవడం వల్లే జ్వరం వచ్చిందని చెప్పారు. ఆవిడ వరండాలో అందరి ముందూ, "నా కొడుకును చంపుదామనుకున్నావా" అన్నారు. తల వంచుకుని విన్నాను.

ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. అత్తయ్యగారి పరువు నిలబడుతుంది. ముట్టుకోవద్దని ఆవిడకు గట్టిగా చెప్పాను కాబట్టి ఇక చేయరనే అనుకుంటున్నాను. నువ్వు ఇది చదివి చింపెయ్యి. ఎవరికీ చెప్పకు.

వదిన


మా ఇల్లు

వదినా,

చింపలేదు. నిజం చెబుతున్నాను, చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద ఇంత మాటా అనుకున్నాను. నీ మాట అబద్ధమని తేల్చడానికే అమ్మకు ఫోన్ చేశాను. టేపు సంగతి ఎత్తలేదు. అన్నయ్యకు మెడ మీద చెమట పడుతోందా అని అడిగాను, అంతే.

అమ్మ ఎంత సంబరంగా చెప్పిందో! "పడుతుంది, కానీ నేను ఉన్నాను కదే. మీ నాన్నకు నేర్పావు చూడు, అలాగే పొద్దున్నా సాయంత్రమూ తుడుస్తున్నా. ఇవాళ పొద్దున కూడా తుడిచాను. ఇప్పుడు అడ్డం పడేవాళ్ళు లేరు కదా, హాయిగా ఉంది" అంది.

వదినా, నువ్వు ఆ పిల్లను కాపాడావు, అమ్మ పరువు కాపాడావు. అన్నయ్య పక్కన ఆ తడిగుడ్డను మాత్రం వదిలేసి బయటికి వచ్చేశావు. వాడి మెడను కాపలా కాసే ఒక్క మనిషివీ నువ్వే. నువ్వు చెప్పిన అబద్ధానికి నిన్ను బయట కూర్చోబెట్టి అమ్మను లోపల కూర్చోబెట్టారు.

నేను నాన్న కాలికి నేర్పింది పుండు తుడవడం. పుండు పైన ఉంటుంది. ఆ గొట్టం ఉన్నచోట రక్తంలోకి తలుపు తెరిచి ఉంటుంది. ఈ తేడా అమ్మకు నేను చెప్పలేదు, ఎందుకంటే అమ్మను అనుమానించాలని నాకు తోచనే లేదు. ఊళ్ళో అందరినీ అనుమానించాను. మొదటి జ్వరానికి అమ్మ చేసిందే కారణమని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. కానీ మరోసారి వస్తే చాలు, అన్నయ్య తట్టుకోలేడు. అందుకే నీ మాట పక్కన పెట్టేశాను.

వెంటనే మీ ఐసీయూకు ఫోన్ చేసి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాను. ముట్టుకున్నది మా వదిన కాదు, మా అమ్మ, ఇవాళ పొద్దున కూడా ముట్టుకుంది, ఇప్పుడే వెళ్ళి చూడండి అని చెప్పాను. అసలు ఆ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా అని కూడా అడిగాను. పెద్ద డాక్టరుకు రాసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఆ అమ్మాయికి విడిగా ఇంకో ఉత్తరం రాశాను, అందులో నన్ను నేను ఏం తిట్టుకున్నానో నీకు అక్కర్లేదు. అమ్మకు లోపలికి దారి ఇప్పించింది నా ఫోనే అని కూడా రాశాను.

తర్వాత అమ్మకు మళ్ళీ ఫోన్ చేశాను. మెల్లగా చెబుదామనుకున్నాను. మెల్లగా చెబితే అమ్మకు వినపడదు. అరిచి చెప్పాల్సి వచ్చింది, అదీ స్పీకర్లో. "అమ్మా, నువ్వు తుడవడం వల్లే వాడికి క్రిములు లోపలికి వెళ్ళి ఉంటాయి" అన్నాను. అవతల నుంచి చాలాసేపు వరండా చప్పుళ్ళే వినిపించాయి. తర్వాత ఫోన్ పెట్టేశారు. అమ్మే పెట్టేసిందో, పక్కన ఎవరైనా తీసుకున్నారో తెలియదు.

అమ్మ ఎలా ఉందో చూసి రాయి. నిన్ను క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు.

సూదమ్మ


లాడ్జి గది

సూదమ్మకు,

ముందు మీ అన్నయ్య సంగతి. నీ ఫోన్ తర్వాత నలుగురు ఒక్కసారి లోపలికి వెళ్ళారు. దుప్పటి తీస్తే టేపు ముక్క ఉందట. మళ్ళీ రక్తం పంపారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పొట్టకు ఆహారం ఇస్తే నిలుస్తోందని, ఇక మెడ గొట్టం అక్కర్లేదని తీసేశారు. ఈ మూడు రోజులూ ఎవరు గట్టిగా దగ్గినా చలిజ్వరం వచ్చిందేమోనని లేచి పరుగెత్తాను. ఇవాళ రిపోర్టు వచ్చింది. రక్తంలో ఏమీ పెరగలేదు. జ్వరం లేదు.

పరుగుల పిల్ల తిరిగి డ్యూటీలోకి వచ్చింది. నన్ను చూసి నవ్వలేదు. "మీరు నాకోసం అబద్ధం చెప్పినందుకు దండం పెట్టాలో, ఆయన్ని అలా వదిలేసినందుకు తిట్టాలో తెలియట్లేదండీ" అంది. రెండూ చెయ్యమ్మా అన్నాను. నన్ను మళ్ళీ లోపలికి రానిస్తున్నారు.

నీ మీద నాకు కోపం లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నా మాట నమ్మడానికి నీకు అత్తయ్యగారి నోటి మాట కావలసి వచ్చింది. అలా కాకుండా ఉంటుందని నేనూ అనుకోలేదు, అందుకే దాచాను. అయినా బాధగానే ఉంది. అది పోవడానికి కొంచెం సమయం పడుతుంది. మందు మార్చిన మర్నాడే జ్వరం పోదు కదా. ఉత్తరాలు మాత్రం ఆపకు.

అత్తయ్యగారు ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోన్ నా పక్కన పెట్టేశారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నారు. అన్నం పెడితే తినలేదు. నేను ముద్ద కలిపి నోటికి అందిస్తే తిన్నారు. నన్ను అన్న మాట గురించి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవాళ మీ అన్నయ్య కళ్ళు బాగా తెరిచి అమ్మ కావాలన్నాడు. పెద్ద సిస్టర్ మా ఇద్దరినీ రమ్మంది. అత్తయ్యగారు రానంటే రాను అన్నారు. చేయి పట్టుకుని తీసుకెళ్ళాను. తలుపు దగ్గర చేతులు కడుక్కోమంటే కడిగారు. కడిగి తుడుచుకుని మళ్ళీ కడిగారు. మూడోసారి నేను పంపు కట్టేశాను.

మంచానికి దూరంగా నిలబడిపోయారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నారు. మీ అన్నయ్య చూశాడు. ఆయనకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. గొంతు సరిగా పెగలడం లేదు. "ఏంటమ్మా, అక్కడే నిలబడ్డావు? చెయ్యి ఇవ్వు" అన్నాడు.

ఆవిడ చేతులు వెనకనే ఉన్నాయి. కళ్ళ నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోలేదు. పరుగుల పిల్ల వైపు తిరిగి, వరండా అంతా వినపడేంత గట్టిగా మాట్లాడే మనిషి, నాకే సరిగా వినపడనంత మెల్లగా, "అమ్మాయ్, ముట్టుకోవచ్చా?" అని అడిగారు.

ఆ పిల్ల వెళ్ళి ఆవిడ చేతులు వెనకనుంచి ముందుకు తెచ్చి, రెండూ తిప్పి చూసి, "పట్టుకోండి మామ్మా" అంది.

వదిన